ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్ట్రేషన్‌కు ఏ కాగితాలు కావాలి, ఫైలు ఎందుకు వెనక్కొస్తుంది

కంపెనీ పెట్టడానికి కావలసిన కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పడతాయి. ఇద్దరు మనుషుల పాన్, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు కరెంటు బిల్లు, అడ్రసు వాడుకోవడానికి అభ్యంతరం లేదని ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం, అంటే ఎన్‌ఓసీ. అంతే. అయినా ఫైళ్లు వెనక్కొస్తూనే ఉంటాయి. కాగితం లేక వెనక్కొచ్చేవి తక్కువ. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంతో పొసగక వెనక్కొచ్చేవే ఎక్కువ.

మీ ఫైలు చూసేది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్లు కాదు. కొత్త కంపెనీల దరఖాస్తులన్నీ హర్యానాలోని మానేసర్‌లో ఉన్న సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటర్‌కు వెళ్తాయి. ఎల్‌బీ నగర్ అన్నా లాల్ బహదూర్ నగర్ అన్నా ఒకటేనని అక్కడి అధికారికి తెలియాల్సిన పని లేదు. ఆయన ముందు రెండు పీడీఎఫ్‌లు ఉంటాయి, రెండిట్లో రెండు అడ్రసులు కనిపిస్తాయి, ఫైలు వెనక్కొస్తుంది. ప్రతి కాగితాన్నీ మన ఊరి సంగతి తెలియని మనిషి కళ్లతో ఒకసారి చదివి, ఆ తర్వాతే అప్‌లోడ్ చేయాలి.

ఇక్కడ చెప్పేది 2013 కంపెనీల చట్టం కింద పెట్టే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గురించి. ఎల్‌ఎల్‌పీకి, అంటే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్‌కు, ఫారం వేరు, ఖర్చు వేరు.

ముందుగా తేల్చుకోవాల్సినవి

కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. ఆ ఇద్దరే ఈ ఇద్దరు కావచ్చు. భార్యాభర్తలైనా, తండ్రీకొడుకులైనా అడ్డు లేదు. వాటాదారులు 200 మందికి మించకూడదు. డైరెక్టర్లలో ఒక్కరైనా ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారతదేశంలో ఉన్నవారై ఉండాలి. సంవత్సరం మధ్యలో పెట్టిన కంపెనీకి ఈ లెక్కను మిగిలిన రోజుల దామాషాలో చూస్తారు.

ఒక్కరే పెట్టుకోవాలంటే వన్ పర్సన్ కంపెనీ ఉంది. దానికి నామినీ ఒకరు, ఆ నామినీ ఒప్పుకున్నట్టు ఐఎన్‌సీ-3 ఫారంపై సంతకం, నామినీ పాన్, అడ్రసు రుజువు అదనంగా కావాలి.

మైనర్ల పేరు మీద వాటా రాయించాలని కొందరు వస్తారు. కంపెనీ ఏం చేస్తుందో చెప్పే మెమోరాండం అనే పత్రం మీద వాటాదారులు సంతకం పెట్టాలి, దాని మీద మైనరు సంతకం చెల్లదు. భాగస్వామ్య సంస్థ కూడా తన పేరుతో వాటాదారు కాలేదు. ఎల్‌ఎల్‌పీ గానీ ఇంకో కంపెనీ గానీ కావచ్చు, కాకపోతే బోర్డు తీర్మానం, ఎవరు సంతకం పెడతారో చెప్పే అధికార పత్రం జతచేయాలి.

ప్రభుత్వోద్యోగులు డైరెక్టరుగా పేరు ఇచ్చే ముందు తమ శాఖ ప్రవర్తనా నియమాలు చూసుకోవాలి. ఐటీ కంపెనీలో పనిచేసేవాళ్లు అపాయింట్‌మెంట్ లెటర్ చివరి పేజీలు ఇంకోసారి చదవాలి. రిజిస్ట్రేషన్ జరిగే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్ ఈ సంగతి అడగదు గానీ, డైరెక్టర్ల పేర్లు ఎవరైనా వెతికి చూడగలిగే రికార్డు.

మనుషుల కాగితాలు

ఒక్కొక్కరికీ కావలసినవి ఇవి:

- పాన్ కార్డు. భారత పౌరులకు తప్పనిసరి.
- గుర్తింపు రుజువు: ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఒకటి.
- ప్రస్తుత నివాస రుజువు: బ్యాంకు స్టేట్‌మెంట్, కరెంటు బిల్లు, టెలిఫోన్ బిల్లు, మొబైల్ బిల్లుల్లో ఒకటి. దాఖలు చేసే నాటికి రెండు నెలల లోపుది కావాలి.
- పాస్‌పోర్టు సైజు ఫోటో, సొంత ఈమెయిల్, ఆధార్‌తో లింకయిన మొబైల్ నంబరు.
- పుట్టిన ఊరు, చదువు, వృత్తి, ప్రస్తుత అడ్రసులో ఎన్నేళ్లుగా ఉంటున్నారు అన్న వివరాలు. ఏడాది కాకపోతే పాత అడ్రసు కూడా అడుగుతారు.

చిక్కంతా పాన్ దగ్గర మొదలవుతుంది. ఫారంలో టైపు చేసిన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆదాయపు పన్ను శాఖ రికార్డుతో సరిపోకపోతే ముందుకే కదలదు. మన పేర్లకు ఇక్కడ ప్రత్యేకమైన అవస్థ ఉంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం పొడి ఉంటుంది, బ్యాంకులో ఆ అక్షరం పేరు చివరికి వెళ్తుంది. పాన్‌లో సుబ్బారావు కలిపి ఉంటే ఆధార్‌లో సుబ్బా, రావు విడిపోతాయి. లక్ష్మి పేరులో ‘క్ష’ను ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కేఎస్‌హెచ్‌తో రాస్తారు. మనకు ఇవన్నీ ఒకే మనిషి. పోర్టల్‌కు వేర్వేరు మనుషులు.

పాన్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే అన్నిచోట్లా వాడండి. ఆధార్‌లో పొడి అక్షరాలు ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోండి. ఆ పనికి పట్టే రోజులు ఫైలు వెనక్కొచ్చి తిరిగి పంపడానికి పట్టే రోజులకంటే తక్కువే. పుట్టిన తేదీ కూడా చూసుకోవాలి. ఆధార్ తీసుకున్నప్పుడు వయసు మాత్రమే చెప్పినవాళ్లకు జనవరి 1 పడి ఉంటుంది, పాన్‌లో పదో తరగతి సర్టిఫికెట్ తేదీ ఉంటుంది.

పెళ్లయిన ఆడవాళ్ల ఆధార్‌లో భర్త పేరు ఉంటుంది. ఫారం అడిగేది తండ్రి పేరు. పాన్ రికార్డులో తండ్రి పేరు ఏ స్పెల్లింగుతో ఉందో అదే రాయాలి.

నివాస రుజువుకు బ్యాంకు స్టేట్‌మెంటే నమ్మకమైనది. కరెంటు బిల్లు సాధారణంగా తండ్రి పేరు మీదో ఇంటి ఓనరు పేరు మీదో ఉంటుంది, అది మీ రుజువు కాదు. ప్రీపెయిడ్ సిమ్‌కు బిల్లు రాదు కాబట్టి మొబైల్ బిల్లు చాలామందికి కుదరదు. స్టేట్‌మెంట్ తీసేటప్పుడు పేరు, అడ్రసు ఉన్న మొదటి పేజీ, ఇటీవలి లావాదేవీలు కనబడే పేజీ రెండూ ఉండాలి. నెట్ బ్యాంకింగ్ నుంచి దించిన పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, దాన్ని తీసేయకుండా జతచేస్తే అవతలివాళ్లకు తెరుచుకోదు. ఉద్యోగానికి ఊరు మారినవాళ్ల బ్యాంకు ఖాతాలో పాత ఊరి అడ్రసే ఉండిపోతుంది. అది ముందే మార్పించుకోవాలి.

డిజిటల్ సంతకం

ఫారాలన్నీ డిజిటల్ సంతకంతోనే వెళ్తాయి. క్లాస్ 3 రకం డిజిటల్ సంతకం సర్టిఫికెట్, అంటే డీఎస్‌సీ, కావాలి. క్లాస్ 2 రకం 2021 జనవరి 1 నుంచి ఇవ్వడం లేదు. పాన్, ఆధార్ ఓటీపీ, సెల్‌ఫోన్‌లో చిన్న వీడియో వెరిఫికేషన్ చాలు, యూఎస్‌బీ టోకెన్ చేతికొస్తుంది. డీఎస్‌సీలోని పేరు కూడా పాన్‌లో ఉన్నట్టే రావాలి, లేదంటే పోర్టల్‌లో దాన్ని నమోదు చేసేటప్పుడే ఎర్రర్ వస్తుంది.

వాటాదారులకు, డైరెక్టర్లకు ఎవరిది వాళ్లకు డీఎస్‌సీ ఉండాలి. టోకెన్లు, పిన్ నంబర్లు అన్నీ కన్సల్టెంటు దగ్గరే వదిలేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇవ్వడం, ఇది ఒకటే. రిజిస్ట్రేషన్ పని అయిపోగానే తిరిగి తీసుకోండి.

డైరెక్టరు గుర్తింపు సంఖ్య, అంటే డిన్, విడిగా తీసుకోనక్కర్లేదు. కంపెనీ ఫారంలోనే ముగ్గురి దాకా కొత్త డిన్ అడగవచ్చు. ఇదివరకే డిన్ ఉన్నవాళ్లు అది యాక్టివ్‌గా ఉందో లేదో చూసుకోవాలి. కేవైసీ చేయక డిన్ ఆగిపోయి ఉంటే ముందు దాన్ని బతికించుకోవాలి.

పేరు

దరఖాస్తు ఫారం పేరు స్పైస్ ప్లస్. 2020 ఫిబ్రవరి నుంచి ఇదే నడుస్తోంది. దాని మొదటి భాగం పేరు కోసం, రెండో భాగం రిజిస్ట్రేషన్ కోసం. పేరుకు రుసుము 1,000 రూపాయలు. ఒక దరఖాస్తులో రెండు పేర్లు ఇవ్వవచ్చు. కుదరకపోతే ఒకసారి సరిచేసి పంపే అవకాశం ఇస్తారు. అప్పటికీ తిరస్కరిస్తే ఆ వెయ్యీ పోయినట్టే. మొదటి భాగం, రెండో భాగం కలిపి ఒకేసారి వేస్తే ఒక్క పేరే ఇవ్వగలరు. పేరు మీద నమ్మకం లేనివాళ్లు అలా చేయకూడదు.

మంజూరైన పేరు 20 రోజులు మీదిగా ఉంటుంది. ఆ లోపు 1,000 కడితే ఆమోదం తేదీ నుంచి మొత్తం 40 రోజులు, ఆ 40 రోజులు దాటకముందే ఇంకో 2,000 కడితే 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. ఆఫీసు కాగితాలు చేతిలో లేకుండా ముందు పేరు తెచ్చుకుని కూర్చున్నవాళ్లకు ఈ 20 రోజులు ఇట్టే కరిగిపోతాయి.

పేరు ఎందుకు పోతుందంటే, ఉన్న కంపెనీ పేరుకో ఎల్‌ఎల్‌పీ పేరుకో దగ్గరగా ఉన్నందుకు. శ్రీ అనే మాటను ఇంగ్లీషులో మూడు రకాలుగా రాసి కొత్త పేరు అనుకోవడం పనికిరాదు. స్పెల్లింగు మార్చడం, ఏకవచనాన్ని బహువచనం చేయడం, మధ్యలో ఖాళీ పెట్టడం, చివర డాట్ కామ్ తగిలించడం, ఒక అంకె చేర్చడం, ఊరి పేరు కలపడం, వీటిలో దేన్నీ తేడాగా లెక్కించరు. వెంకటేశ్వర, సాయి, లక్ష్మి, బాలాజీ పేర్లతో రెండు రాష్ట్రాల్లో వేల కంపెనీలు ఉన్నాయి, ఉత్త దేవుడి పేరుతో దొరకడం దాదాపు అసాధ్యం. ఇష్టదైవం పేరు ఉండి తీరాలంటే ముందు ఒక సొంత కల్పిత పదం పెట్టి, తర్వాత వ్యాపారం తెలిపే మాట చేర్చండి.

పేరులో ‘సీడ్స్’ ఉంటే మెమోరాండంలో రాసే ఉద్దేశాల్లో విత్తనాల వ్యాపారం ఉండాలి. బ్యాంకు, ఇన్సూరెన్స్, స్టాక్ ఎక్స్ఛేంజ్ లాంటి మాటలకు ఆయా నియంత్రణ సంస్థ అనుమతి జతచేయాలి. ట్రేడ్‌మార్క్ రిజిస్టరు కూడా వెతకండి. అక్కడ వేరొకరి పేరు మీద ఉంటే వాళ్ల దగ్గర్నుంచి ఎన్‌ఓసీ కావాలి, అది మీ తమ్ముడి పేరు మీద ఉన్నా సరే.

ఆఫీసు అడ్రసు

ఎక్కువ ఫైళ్లు ఆగేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

రిజిస్టర్డ్ ఆఫీసు వాణిజ్య భవనంలోనే ఉండాలని లేదు. ఇల్లయినా సరిపోతుంది. కావలసిన కాగితాలు రెండు. ఒకటి, ఆ స్థలం వాడుకునే హక్కు. రెండు, ఆ అడ్రసు నిజంగా ఉందనే రుజువు.

హక్కుకు సంబంధించి సొంత స్థలమైతే రిజిస్టర్డ్ దస్తావేజు చూపాలి. అద్దెదైతే నోటరీ చేసిన అద్దె ఒప్పందం, దాంతోపాటు నెల లోపు అద్దె రసీదు కావాలి. తండ్రిదో, మామయ్యదో, స్నేహితుడిదో అయితే ఓనరు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆయన ఓనరే అని చూపే ఆధారం కావాలి. అడ్రసు రుజువుకు కరెంటు, గ్యాస్, టెలిఫోన్ బిల్లుల్లో ఒకటి. ఓనరు పేరు, అడ్రసు రెండూ అందులో ఉండాలి, రెండు నెలల లోపుదై ఉండాలి.

కరెంటు బిల్లు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. మీటరు రీడరు చేతి మిషన్ నుంచి చింపి ఇచ్చే స్పాట్ బిల్లులో అడ్రసు సగంలో తెగిపోతుంది. ఆ థర్మల్ కాగితం వెలిసిపోయి స్కాన్‌లో కనబడదు కూడా. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) వెబ్‌సైటులో సర్వీసు నంబరు కొట్టి పూర్తి బిల్లు దించుకోండి. అందులో పేరు చదవండి. ఇల్లు కొని పదేళ్లయినా మీటరు ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉండటం, తాతగారు పోయి ఏళ్లు గడిచినా ఆయన పేరుతోనే బిల్లు రావడం మన దగ్గర మామూలు సంగతి. అప్పుడు ఎన్‌ఓసీ ఇచ్చే మనిషి ఒకరు, బిల్లులో ఉన్న మనిషి ఇంకొకరు అవుతారు.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మీటరు పేరు మార్పించడం. లేదా ఎన్‌ఓసీ ఇచ్చే వ్యక్తి పేరు మీద ఉన్న మున్సిపల్ ఆస్తి పన్ను రసీదు, దస్తావేజు జిరాక్సు బిల్లుకు తోడుగా పెట్టి, రెండు పేర్ల మధ్య సంబంధాన్ని ఎన్‌ఓసీలోనే ఒక వాక్యంలో రాయించడం. అదీ కాకపోతే ఓనరు పేరు మీద ఉన్న బ్రాడ్‌బ్యాండ్ బిల్లు వాడుకోవడం. మొదటిది ఆలస్యమవుతుంది గానీ మళ్లీ తలనొప్పి ఉండదు.

తర్వాత డోర్ నంబరు. దస్తావేజులో ప్లాటు నంబరు, సర్వే నంబరు ఉంటాయి. పన్ను రసీదులో మున్సిపల్ డోర్ నంబరు ఉంటుంది. కరెంటు బిల్లులో పాత డోర్ నంబరు ఉంటుంది. అపార్ట్‌మెంట్ పేరు బోర్డు మీద ఒకటి, బిల్లులో బిల్డరు పేరు. ఫారంలో ఏది రాయాలి? బిల్లులో ఉన్నదే రాయండి. పిన్‌కోడ్, కాలనీ, మండలం సహా దాన్నే అద్దె ఒప్పందంలో, ఎన్‌ఓసీలో దించండి. అద్దె ఒప్పందం రాసే టైపిస్టుకు నోటితో చెప్పకుండా బిల్లు ముందు పెట్టి టైపు చేయించండి.

పల్లెల్లో పంచాయతీ ఇంటి పన్ను రసీదు తెలుగులో ఉంటుంది. దానితోపాటు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం ఒకటి పెడితే ప్రశ్న రాదు.

ఎన్‌ఓసీ తెల్లకాగితం మీద ఇచ్చినా నడుస్తుంది. ఇంగ్లీషులోనే టైపు చేయించాలి. అందులో ఉండాల్సిన సారం ఇదీ: ఫలానా డోర్ నంబరు గల భవనానికి నేను యజమానిని. ప్రతిపాదిత ఫలానా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఈ అడ్రసును తన రిజిస్టర్డ్ ఆఫీసుగా వాడుకోవడానికి, ఉత్తర ప్రత్యుత్తరాలు ఇక్కడికి రావడానికి నాకు అభ్యంతరం లేదు. దానికి నేను ఇచ్చే ఆధారం ఈ నెల కరెంటు బిల్లు, సర్వీసు నంబరు ఇది. కింద తేదీ, ఊరు, సంతకం. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. చాలా ఎన్‌ఓసీల్లో తేదీ మర్చిపోతారు, కంపెనీ పేరు మంజూరైన స్పెల్లింగుతో కాక పాత స్పెల్లింగుతో ఉండిపోతుంది. పేరు వచ్చాకే దీన్ని ప్రింటు తీయడం మంచిది.

అడ్రసు ఇంకా కుదరకపోతే ప్రస్తుతానికి ఉత్తరాల అడ్రసు మాత్రం ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ అయిన 30 రోజుల్లో ఐఎన్‌సీ-22 ఫారంతో ఆఫీసు అడ్రసు తెలపాలి.

ఎవరిదో అడ్రసు అద్దెకు తెచ్చి, అక్కడ ఏమీ లేకుండా నడిపేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. 2022లో వచ్చిన నియమం ప్రకారం కంపెనీల రిజిస్ట్రారు స్వయంగా వచ్చి, ఆ చుట్టుపక్కల ఇద్దరు స్వతంత్ర సాక్షుల ముందు ఆఫీసును తనిఖీ చేయవచ్చు. ఆఫీసు లేదని తేలితే కంపెనీ పేరు రిజిస్టరు నుంచి కొట్టేయడానికి చర్య మొదలుపెట్టవచ్చు.

రాష్ట్రం మాత్రం బాగా ఆలోచించి ఎంచుకోండి. మెమోరాండంలో వీధి పేరు ఉండదు, రాష్ట్రం పేరే ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారడం చిన్న పని. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు మారాలంటే పత్రికా ప్రకటనలు ఇచ్చి, కార్పొరేట్ వ్యవహారాల శాఖ రీజనల్ డైరెక్టరు ఆమోదం తెచ్చుకోవాలి. ఖర్చూ నెలలూ రెండూ పడతాయి.

మెమోరాండం, ఆర్టికల్స్

మెమోరాండం అంటే కంపెనీ ఏం చేయడానికి పుట్టిందో చెప్పే పత్రం. ఆర్టికల్స్ అంటే ఇంటి లోపలి కట్టుబాట్లు. రెండూ ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఫారాలే: ఐఎన్‌సీ-33, ఐఎన్‌సీ-34. స్పైస్ ప్లస్‌కు జోడై ఉంటాయి.

ఉద్దేశాల క్లాజులో మొదట అసలు వ్యాపారం రాయాలి. ‘చట్టబద్ధమైన ఏ వ్యాపారమైనా’ అని రాస్తే తిప్పి పంపుతారు. ఏం తయారుచేస్తారు, ఏం అమ్ముతారు, ఏ సేవ చేస్తారు, తేటగా ఉండాలి. ఉన్న కంపెనీ మెమోరాండం కాపీ కొట్టేటప్పుడు అందులోని అప్పులివ్వడం, చిట్టీలు లాంటి మాటలు కూడా వచ్చేస్తాయి. అలాంటి పదం కనబడితే సంబంధిత నియంత్రణ సంస్థ అనుమతి ఏదని అడుగుతారు. ఎంచుకున్న పరిశ్రమ కోడ్, ఉద్దేశాలు, కంపెనీ పేరు మూడూ ఒకే కథ చెప్పాలి.

ఆర్టికల్స్‌కు చట్టంలోని టేబుల్ ఎఫ్ నమూనా ఉంది. అందరూ దాన్నే యథాతథంగా తీసుకుంటారు. చెరిసగం వాటాతో మొదలుపెట్టే ఇద్దరు మిత్రులు మాత్రం ఒక్క క్షణం ఆగాలి. టేబుల్ ఎఫ్ ప్రకారం బోర్డులో ఓట్లు సమానమైతే ఛైర్మన్‌కు రెండో ఓటు ఉంటుంది. అంటే ఛైర్మన్ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ల మాటే నెగ్గుతుంది. అది వద్దనుకుంటే ఇప్పుడే తీసేయించండి, తర్వాత మార్చాలంటే వాటాదారుల్లో నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. ఒకరు వెళ్లిపోతే ఆయన వాటా ముందు ఎవరికి ఇవ్వజూపాలి, ధర ఎలా కట్టాలి అన్నవి కూడా ఇందులో రాసుకోవచ్చు.

పెట్టుబడి, ఖర్చు

కనీస పెట్టుబడి నిబంధన 2015లో పోయింది. ఆథరైజ్డ్ క్యాపిటల్ అంటే షేర్లు జారీ చేయగల గరిష్ఠ పరిమితి, పెయిడప్ అంటే నిజంగా పెట్టే డబ్బు. ఆథరైజ్డ్ 15 లక్షల దాకా కేంద్రానికి ఫారం ఫీజు లేదు, రాష్ట్రానికి స్టాంపు డ్యూటీ ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండిట్లోనూ ఫారానికి 20 రూపాయలు, మెమోరాండానికి 500, ఆర్టికల్స్‌కు ఆథరైజ్డ్ క్యాపిటల్ మీద 0.15 శాతం (కనీసం 1,000). 10 లక్షల ఆథరైజ్డ్‌కు 20, 500, 1,500 కలిపి 2,020 అవుతుంది. లక్షకైతే 1,520. కంపెనీ పాన్, టాన్ (టీడీఎస్ కట్టడానికి వాడే నంబరు) రుసుము వీటికి అదనం. రేట్లు రాష్ట్రాల చేతిలో ఉన్నవి కాబట్టి కట్టే రోజు పోర్టల్ చూపే లెక్కే లెక్క. డీఎస్‌సీలు, వృత్తి నిపుణుడి ఫీజు వేరు. ‘అంతా కలిపి’ అని ఒకే అంకె చెప్పే వాళ్లను ఈ విడివిడి లెక్క అడగండి.

గొప్పకోసం పెయిడప్ 10 లక్షలు రాయించేవాళ్లు ఉంటారు. ఆ డబ్బు నిజంగా కంపెనీ ఖాతాలోకి రావాలి. లక్షతో మొదలుపెట్టండి, 10 రూపాయల షేర్లు 10,000. కావాలంటే పెంచుకోవచ్చు.

దాఖలు చేసే క్రమం

పేరు రాగానే స్పైస్ ప్లస్ రెండో భాగం నింపాలి. డైరెక్టర్ల సమ్మతి పత్రం డీఐఆర్-2, కంపెనీల ఏర్పాటు, నిర్వహణకు సంబంధించిన నేరాల్లో గత ఐదేళ్లలో శిక్ష పడలేదని వాటాదారులు, తొలి డైరెక్టర్లు ఇచ్చే ఐఎన్‌సీ-9 ప్రకటన, మెమోరాండం, ఆర్టికల్స్, చివర అజైల్ ప్రో ఎస్ ఫారం. ఈ ఆఖరి దాన్లోనే ఈపీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు, బ్యాంకు ఖాతా, కావాలంటే జీఎస్టీ కూడా వస్తాయి. ఈపీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు అందరికీ వస్తాయి గానీ కట్టాల్సిన బాధ్యత ఉద్యోగుల సంఖ్య పరిమితి దాటినప్పుడే, మామూలుగా ఈపీఎఫ్‌కు 20, ఈఎస్‌ఐకి 10. జీఎస్టీ వెంటనే అవసరం లేకపోతే ఇక్కడ అడగకండి. నంబరు వచ్చిన నెల నుంచి, అమ్మకం లేకపోయినా, రిటర్నులు వేస్తూ పోవాలి.

ప్రాక్టీసులో ఉన్న సీఏ, కంపెనీ సెక్రటరీ (సీఎస్), కాస్ట్ అకౌంటెంట్, అడ్వకేట్‌లలో ఒకరు కాగితాలు చూసి ధ్రువీకరించి డీఎస్‌సీ వేయాలి. ఆ సంతకం లేకుండా ఫైలు వెళ్లదు.

స్కాన్లు కలర్‌లో, నిటారుగా, ఒక్కో పీడీఎఫ్ రెండు ఎంబీ లోపు ఉండేలా చూడండి. ఫోనుతో తీసిన ఫోటోలో ఆధార్ కింద బల్లమీది గళ్ల గుడ్డ కూడా పడిందంటే అది స్కాను కాదు.

ఏదైనా లోపం కనబడితే ఫైలు రీసబ్మిషన్‌కు, అంటే సరిచేసి మళ్లీ పంపడానికి, వస్తుంది. 15 రోజులు ఇస్తారు. మళ్లీ లోపముంటే ఇంకో 15 రోజులు. అక్కడితో సరి. రీసబ్మిషన్ రిమార్కులో మూడు లోపాలు రాస్తే మూడూ సరిచేసి, వాళ్లు రాయని నాలుగోది కూడా మీరే వెతకండి. మొదటి రిమార్కు సరిచేయగానే రెండోసారి కొత్త రిమార్కు రావడం మామూలే.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అన్న డాలస్‌లో, తమ్ముడు గుంటూరులో ఉంటే ఇబ్బంది లేదు. ఇద్దరూ డాలస్‌లోనే ఉంటే ఇక్కడ 182 రోజులు ఉండే డైరెక్టరు ఒకరు కావాలి, చాలాసార్లు అది నాన్నగారు అవుతారు.

గ్రీన్‌కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు భారత పౌరులే, పాన్ తప్పనిసరి. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నవాళ్లు విదేశీ పౌరులు, వాళ్లకు పాస్‌పోర్టు తప్పనిసరి. అమెరికాలోనే ఉండి సంతకం పెడితే అక్కడ నోటరీ, ఆపైన ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ఇచ్చే అపోస్టిల్ (ఆ కాగితం వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) రెండూ కావాలి. నోటరీతో ఆపేసి కాగితాలు కొరియరులో పంపడం తరచూ జరిగే పొరపాటు, మళ్లీ వెనక్కి పంపి అపోస్టిల్ చేయించుకోవాలి. సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు సంతకాలు పెట్టేయడం సులువు. ఓసీఐ వాళ్లకు బిజినెస్ వీసా అక్కర్లేదు, మిగతా విదేశీయులకు కావాలి.

పెట్టుబడి డబ్బు ఏ దారిలో వస్తుందన్నది ముందే నిర్ణయించుకోండి. తిరిగి విదేశానికి తీసుకెళ్లే హక్కుతో పెడితే షేర్లు ఇచ్చిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ అనే విదేశీ పెట్టుబడి ఫారం దాఖలు చేయాలి. ఎన్‌ఆర్‌ఐ ఆ హక్కు లేకుండా పెడితే దేశీయ పెట్టుబడిలాగే చూస్తారు, ఈ ఫారం ఉండదు.

సర్టిఫికెట్ వచ్చాక

ఐఎన్‌సీ-11 సర్టిఫికెట్, పాన్, టాన్ మెయిలుకు వస్తాయి. కంపెనీ గుర్తింపు సంఖ్య, అంటే 21 అక్షరాల సిన్ నంబరు వస్తుంది. అందులో రాష్ట్రం కోడ్, పుట్టిన సంవత్సరం ఉంటాయి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు.

30 రోజుల్లో తొలి బోర్డు సమావేశం జరపాలి, తొలి ఆడిటరును నియమించాలి. రెండు నెలల్లో షేర్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ దాఖలు చేయాలి. మెమోరాండంలో ఎవరెంత పెడతామన్నారో అంతా వచ్చిందని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో చూపే ప్రకటన అది. ఇది అయ్యేదాకా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు. గడువు దాటితే కంపెనీకి 50,000, బాధ్యులకు రోజుకు 1,000 చొప్పున లక్ష దాకా జరిమానా.

ఎవరి వాటా డబ్బు వాళ్ల సొంత ఖాతా నుంచే రావాలి. 50,000 చొప్పున ఇద్దరు పెట్టాల్సిన చోట ఒకరి ఖాతా నుంచే లక్ష వస్తే, రెండోవారు ఇచ్చింది ఏదని ప్రశ్న. నగదు జమ చేస్తే ఎవరు జమ చేశారో స్టేట్‌మెంట్ చెప్పదు. అందుకే బ్యాంకు ఖాతా తెరవగానే, మిగతా ఏ లావాదేవీకన్నా ముందు, ఆ రెండు ఎంట్రీలు పడేలా చూసుకోండి.

బ్యాంకువాళ్లు ఫారంలో అడిగిన ఖాతాను వెంటనే పూర్తిగా తెరిచేయరు. బోర్డు తీర్మానం, సర్టిఫికెట్, మెమోరాండం, ఆర్టికల్స్, డైరెక్టర్ల కేవైసీ పట్టుకుని వెళ్లాలి. అక్కడ కూడా పాన్‌లోని స్పెల్లింగే అడుగుతారు.

ఇక ఆఫీసు బయట బోర్డు. కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు స్పష్టంగా కనబడేలా రాయాలి. ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న భాషలో కూడా ఉండాలని చట్టంలో 12వ సెక్షన్ చెబుతుంది. మన రెండు రాష్ట్రాల్లో అది తెలుగు. ఇంట్లోనే ఆఫీసు పెట్టినవాళ్లు గేటుకు ఒక చిన్న రేకు బోర్డయినా తగిలించాలి. లెటర్‌హెడ్ల మీద, బిల్లుల మీద పేరు, అడ్రసు, సిన్, ఫోను, ఈమెయిలు ఉండాలి. ప్రింటుకు ఇచ్చేముందు సిన్ నంబరును సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి, అందులో సున్నాకూ ఇంగ్లీషు ఓ అక్షరానికీ తేడా కంటికి ఆనదు.